తోడు, తరవాణి, ప్రొబయోటిక్: కడుపుతో ఉన్నవాళ్ళ కంచంలో ఏముంది, ఏం లేదు

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద జరిగే ఏర్పాటు ఇది. విజయనగరం జిల్లాలో మాకు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకి ఆ రోజుల్లో నేను అప్పుడప్పుడూ వెళ్తుంటాను, తిండి గురించి నాలుగు మాటలు చెప్పడానికి. ఒకసారి వరండాలో బెంచీ మీద కూర్చున్నవాళ్ళని వరసగా అడిగాను, ప్రొబయోటిక్ అంటే తెలుసా అని. ఎవరూ పలకలేదు. ఆరో నెల అమ్మాయి ఒకతె మాత్రం, "టీవీలో సిన్న సీసా సూపిస్తారు, అదేనా మేడమ్?" అంది.

ఆ అమ్మాయినే మళ్ళీ అడిగాను, ఇంట్లో పాలు ఎవరు తోడు పెడతారని. "నానే" అంది. ఎలా పెడతావంటే అప్పుడొచ్చింది అసలు మాట. పాలు పొంగొచ్చాక ఇంకాసేపు మరగనిచ్చి దించుతుందట. వేలు పెడితే ఓర్చుకునే వేడికి వచ్చాక తోడు వేస్తుందట. ఎండాకాలం అర చెంచా చాలు, చలికాలం రెండు చెంచాలైనా పడాలి. మరీ చలిగా ఉంటే గిన్నెకి పాత చీర ముక్క చుట్టి బియ్యం డబ్బాలో పెట్టేస్తుంది. తోడుకునేదాకా గిన్నె కదపకూడదు, తోడుకున్నాక బయట ఉంచకూడదు. చెప్తున్నంతసేపూ ఆ అమ్మాయి కుడిచేతి చూపుడువేలు గాల్లో ముంచుతూనే ఉంది.

వేలు ఓర్చుకునే వేడి అంటే సుమారు 40 డిగ్రీలు. పెరుగు చేసే బ్యాక్టీరియా బాగా పెరిగేది ఆ చుట్టుపక్కలే. పాలు మరీ వేడిగా ఉంటే అవి చచ్చిపోతాయి, చల్లారిపోతే బద్ధకిస్తాయి. చలికాలం తోడు ఎక్కువ వేయడమంటే, నెమ్మదిగా పెరిగేవాటిని ముందే ఎక్కువ సంఖ్యలో దించడం. ఇంత తెలిసిన మనిషిని ఏ సర్వే ఫారమ్ పట్టుకుని "ప్రొబయోటిక్ అంటే తెలుసా" అని అడిగినా, జవాబు గడిలో "తెలియదు" అని పడుతుంది. తర్వాత ఆ కాగితాలన్నీ కూడి, గ్రామీణ గర్భిణుల్లో అవగాహన తక్కువ అని రాస్తారు. నాకు అభ్యంతరం అక్కడే. మా వైపు ఆడవాళ్ళకి తెలియనిది ఆ ఇంగ్లీషు మాట. పని బాగానే తెలుసు. అలాగని తెలియాల్సినవేవీ లేవని కాదు. కొన్ని ఉన్నాయి, అవి ఆ ఫారమ్‌లో ఎవరూ అడగనివి.

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఒక నిర్వచనం ఇచ్చాయి. తగినంత మోతాదులో లోపలికి వెళ్ళినప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే, ప్రాణంతో ఉన్న సూక్ష్మజీవులే ప్రొబయోటిక్‌లు. అంటే అవి బతికుండాలి, సరిపడా సంఖ్యలో ఉండాలి, మేలు చేస్తాయని రుజువై ఉండాలి. మూడోదే చిక్కు. రుజువు అనేది ఫలానా రకానికే ఉంటుంది. వరి అంటే సరిపోదు కదా, శ్రీకాకుళం సన్నాలా, స్వర్ణా అని అడుగుతాం. దేని పంటకాలం దానిది, దేని దిగుబడి దానిది. లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా పేరు కింద కూడా అలాగే లెక్కలేనన్ని రకాలున్నాయి. ఒక రకం మీద జరిగిన పరీక్ష ఇంకో రకానికి చెల్లదు. మన దేశంలో ప్రొబయోటిక్ అని చెప్పి అమ్మే ఆహారంలో రోజు మోతాదుకి కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలన్న నిబంధన కూడా ఉంది.

మరి ఇంటి పెరుగు? అందులో బతికున్న బ్యాక్టీరియా కోట్లలోనే ఉంటుంది, సంఖ్యకి లోటు లేదు. కానీ ఏ రకాలున్నాయో ఇంటింటికీ మారుతుంది. పక్కింటి తోడు తెచ్చుకుంటే మన పెరుగు రుచి మారిపోయేది అందుకే. కాబట్టి శాస్త్రవేత్తలు ఇంటి పెరుగుని ఖచ్చితంగా ప్రొబయోటిక్ అనరు, బతికున్న సూక్ష్మజీవులున్న పులిసిన ఆహారం అంటారు. ఇది పెరుగుకి తక్కువ మార్కులు వేయడం కాదు. మందుకీ తిండికీ మధ్య గీసిన గీత, అంతే.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. ఇడ్లీ, దోసె, పుల్లట్టు ప్రొబయోటిక్‌లని చాలామంది చెబుతుంటారు. పిండి పులిసేటప్పుడు బ్యాక్టీరియా బ్రహ్మాండంగా పెరిగే మాట నిజమే. ఆవిరి మీద ఉడికాక, పెనం మీద కాలాక బతికేవి ఉండవు. అయినా పులిసినందుకు లాభం పోదు. సులువుగా అరుగుతుంది, పప్పులోనూ బియ్యంలోనూ ఇనుముని పట్టి ఉంచే ఫైటేట్ కొంత విరిగిపోతుంది. మజ్జిగ పులుసు కూడా మరిగిందంటే అంతే, రుచీ కాల్షియమూ మిగులుతాయి, ప్రాణమున్నవి మిగలవు.

కడుపుతో ఉన్నప్పుడు వీటి గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోవడం ఎందుకంటే, ఆ తొమ్మిది నెలలూ పేగుల నడక మారిపోతుంది. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ పెరిగి కండరాలన్నిటినీ సడలిస్తుంది. బిడ్డని మోసే గర్భసంచికి అది అవసరం, కానీ దాంతోపాటు పేగులూ నెమ్మదిస్తాయి. పైగా నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు. కడుపు బిగుసుకుపోతుంది, విరోచనం కాదు, కొందరికి వికారం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. అంటే మాత్ర మానడానికి వీల్లేదు. మాత్ర మింగుతూ కడుపుని తేలిగ్గా ఉంచుకోవాలి. పెరుగు, మజ్జిగ, పీచున్న తిండి, నీళ్ళు అక్కడ పనికొస్తాయి. పాలు తాగితే ఉబ్బరం వచ్చేవాళ్ళకి పెరుగు పడుతుంది, ఎందుకంటే పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని పెరుగులోని బ్యాక్టీరియా ముందే కొంత తినేస్తుంది, మిగిలినది అరగడానికి పేగులో సాయం చేస్తుంది. ఇది గట్టిగా రుజువైన సంగతి. వీటన్నిటికీ తోడు కాల్షియం. గర్భిణికి రోజుకి 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచన. ఒక పెద్ద కప్పు పెరుగులో అందులో పావు వంతు దొరుకుతుంది.

ఇక మనవైపు తిండిలోకి వద్దాం. పెరుగు తర్వాత చెప్పుకోవాల్సింది తరవాణి. గంజి వార్చి కుండలో పోసి, పులియనిచ్చి, అందులో అన్నం వేసుకుని పొద్దున్నే ఉల్లిపాయతో తినేవాళ్ళు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒడియా మాట్లాడే ఇళ్ళలో ఇలాంటిదే పొఖాళ, ఆ నీళ్ళని తొరాణి అంటారు. తరవాణి, తొరాణి, వినగానే చుట్టరికం తెలిసిపోతుంది. ఆ తొరాణి నీళ్ళలో పేగు గోడకి బలమిచ్చే షార్ట్ చైన్ ఫ్యాటీ ఆమ్లాలు ఉన్నట్టు భువనేశ్వర్ ఎయిమ్స్ పరిశోధకులు గుర్తించారు. మన ఇళ్ళలో తరవాణి కుండ ఎందుకు పోయిందంటే అందరూ నామోషీ అంటారు. అది కొంతే. కుక్కర్ వచ్చాక గంజి వార్చడమే పోయింది, కుండలో పోయడానికి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు చాలా ఇళ్ళలో చద్దన్నం అంటే రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళో మజ్జిగో పోసి ఉంచడం.

చద్దన్నం గురించి వాట్సాప్‌లో ఒక లెక్క ఏళ్ళ తరబడి తిరుగుతోంది. 100 గ్రాముల అన్నంలో 3.4 మిల్లీగ్రాములున్న ఇనుము రాత్రంతా నానితే 73.91 మిల్లీగ్రాములవుతుందట. రక్తం తక్కువున్న అమ్మాయికి ఇది పంపితే, మాత్రలు పక్కన పెట్టేసి చద్దన్నం మీద భారం వేస్తుంది. నేను చూశాను అలాంటివాళ్ళని. ఇనుము ఒక మూలకం. దాన్ని ఏ బ్యాక్టీరియా తయారు చేయలేదు. కుండలో ఎంత వేశామో తెల్లారి కూడా అంతే ఉంటుంది. పులిస్తే మారేది, ఉన్న ఇనుములో ఒంటికి పట్టే భాగం. అది కొంత పెరుగుతుంది. బియ్యంలో అసలే కొద్దిగా ఉన్న ఇనుము ఎంత బాగా పట్టినా, 60 మిల్లీగ్రాముల మాత్రకి సాటి రాదు. చద్దన్నం మంచిదే, కానీ మాత్రకి బదులు కాదు.

చోడంబలి సంగతి ఇంకా ఆసక్తికరం. రాగులని మేం చోళ్ళంటాం. చోడిపిండిని సాయంత్రం నీళ్ళలో కలిపి పులియబెట్టి, మర్నాడు నూకలు ఉడుకుతుండగా అందులో పోసి కాస్తారు. పులిసిన పిండిలో పుట్టినవన్నీ ఆ ఉడుకులో పోతాయి. కానీ అంబలి చల్లారాక మజ్జిగ కలుపుతారు చూడండి, అక్కడ మళ్ళీ ప్రాణం వస్తుంది. వేడి అంబలిలో మజ్జిగ పోస్తే ఆ లాభం లేదు, గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలి. 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పీచు ఎక్కువ కాబట్టి పేగులో ఉన్న మంచి బ్యాక్టీరియాకి అదే మేత కూడా. ఆ మేతనే ప్రీబయోటిక్ అంటారు. కూలికెళ్ళే ఆడవాళ్ళు చెంబుతో పొలానికి తీసుకెళ్ళే చోడంబలి కన్నా గర్భిణికి సరిపోయే పొద్దుటి తిండి మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఇంకోటి ఉందనుకోను.

ఆవకాయ, మాగాయ ఈ లెక్కలోకి రావు. వాటిలో ఉప్పూ నూనే ఎక్కువ, బ్యాక్టీరియా పెద్దగా పెరిగే వీలుండదు. ఊరగాయ ముక్క నంజుకోవచ్చు, పేగుల కోసమని కాదు, ముద్ద దిగడానికి. బీపీ ఉన్నవాళ్ళు దానికీ చెయ్యి బిగించాలి.

ఇప్పుడు పెద్ద ఆశల దగ్గరికి. ప్రొబయోటిక్ తీసుకుంటే గర్భిణులకి షుగర్ రాదనీ, బీపీ రాదనీ, నెలలు నిండకుండా కాన్పు కాదనీ చెప్పే మాటలు వింటుంటాం. వీటి వెనక నిజమైన పరిశోధనలే ఉన్నాయి, కానీ కథ అంత సూటిగా లేదు. నార్వేలో తొలిచూలు ఆడవాళ్ళు 33 వేల మందికి పైగా ఏం తింటున్నారో చూసినప్పుడు, ప్రొబయోటిక్ పాలు తాగేవాళ్ళలో ప్రీ-ఎక్లాంప్సియా కాస్త తక్కువ కనిపించింది. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్స్‌కి దారితీసే బీపీ జబ్బు అది. కానీ అలాంటి పాలు కొనుక్కు తాగేవాళ్ళు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉండేవాళ్ళు కావచ్చు. మేలు పాలదో, జాగ్రత్తదో తేల్చడం కష్టం. అందుకే కొందరికి క్యాప్సూల్, కొందరికి ఉత్త క్యాప్సూల్ ఇచ్చి చూసే పరీక్షలు చేశారు. గర్భిణుల్లో షుగర్ రాకుండా ఆపుతాయా అని చూసిన ఏడు పరీక్షలని, 1,647 మంది ఆడవాళ్ళ వివరాలని కలిపి 2021లో కాక్రేన్ సమీక్షించింది, వైద్య పరిశోధనలని ఒకచోట చేర్చి తూకం వేసే సంస్థ అది. షుగర్‌ని ఆపుతాయని తేలలేదు. పైగా ప్రొబయోటిక్ తీసుకున్నవాళ్ళలో ప్రీ-ఎక్లాంప్సియా ముప్పు పెరిగినట్టు కనిపించింది.

ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. పెరుగు మానేయమని ఎవరూ అనలేదు. ఆ సమీక్ష చూసింది మందులాగా తీసుకున్న ప్రొబయోటిక్‌లని, మన గిన్నెలో తోడుకున్న పెరుగుని కాదు. కానీ మందుల షాపులో "మంచి బ్యాక్టీరియా, ఏమీ కాదులెండి" అని చేతిలో పెట్టే క్యాప్సూల్‌ని డాక్టర్ చెప్పకుండా గర్భిణి మింగకూడదని మాత్రం అది గట్టిగా చెబుతోంది. నెలకి వందల రూపాయలు పోసి డబ్బాల్లో పొడులు కొంటున్న ఇళ్ళలోనే, ఆ అమ్మాయికి మధ్యాహ్నం గడ్డ పెరుగు పడదు. నన్ను బాగా బాధపెట్టేది అదే.

ఎందుకు పడదు? మొదటి కారణం రొంప. "పెరుగు తింటే కడుపులో బిడ్డకి రొంప పట్టేస్తాది" అని అత్తగార్లు గట్టిగా నమ్ముతారు. బిడ్డ ఉమ్మనీటిలో ఉంటుంది, శ్వాస మాయ ద్వారా తల్లి రక్తం నుంచే అందుతుంది. రొంప వైరస్ వల్ల వస్తుంది, పెరుగు చలవ వల్ల కాదు. ఈ మాట కోడలికి చెప్పి లాభం లేదు, అత్తగారికే చెప్పాలి, అదీ ఆవిడని తప్పుపట్టకుండా. నేనైతే "చల్లటిది వద్దులే అమ్మా, ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఉంచి పెట్టు" అంటాను. ఆవిడ మాటా నిలుస్తుంది, పెరుగూ కంచంలోకి వస్తుంది.

రెండో కారణం ఎవరూ పైకి చెప్పరు. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక మిగిలినది కోడలికి. గడ్డ పెరుగు మొదటి కంచాల్లోనే అయిపోతుంది. ఆమె వంతుకి గిన్నె కడిగిన నీళ్ళలాంటి మజ్జిగ. అంగన్‌వాడీలో గర్భిణి కోసం ఇచ్చే పాలదీ అదే దారి, ఇంట్లో చిన్నపిల్లాడు ఉంటే గ్లాసు వాడి చేతికి వెళ్తుంది. ఏ తల్లి మాత్రం ఇవ్వకుండా ఉండగలదు? అందుకే ఆశా కార్యకర్తలకి నేనొకటి చెబుతుంటాను. పెరుగు తింటున్నావా అని అడగొద్దు, అందరూ తింటున్నామనే అంటారు. నిన్న నువ్వు తినేసరికి గిన్నెలో ఎంత మిగిలింది అని అడగండి. పాలున్న ఇంట్లో గర్భిణికి వేరే చిన్న గిన్నెలో తోడు పెడితే సగం సమస్య తీరిపోతుంది. ఆ గిన్నె ఆమెదని ఇంటిల్లిపాదికీ తెలియాలి, అంతే.

శుభ్రత గురించి కాస్త. పచ్చిపాలలో బ్రూసెల్లా, లిస్టీరియా లాంటి చెడు బ్యాక్టీరియా ఉండవచ్చు, అవి గర్భం పోవడానికి కూడా కారణమవుతాయి. మనం పాలు మరిగించే తోడు పెడతాం కాబట్టి ఆ ముప్పు చాలావరకు పోతుంది. కానీ మజ్జిగలో ముప్పావు భాగం నీళ్ళే. పెరుగు ఎంత మంచిదైనా, కలిపిన నీళ్ళు మంచివి కాకపోతే ఫలితం లేదు. కాచి చల్లార్చిన నీళ్ళతోనే చేసుకోవాలి. బయట ఐస్ వేసిన మజ్జిగ, లస్సీ ఆ నెలల్లో వద్దు. చద్దన్నానికి కూడా అంతే. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం వదులుతుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. చల్లారిన వెంటనే నీళ్ళు పోసి, కాస్త పెరుగు కలిపి, మూత పెట్టి, పొద్దున్నే తినేయాలి. పులుపు వాసన రావాలి. జిగురుగా సాగినా, కంపు కొట్టినా పారబోయాలి. మే నెల ఎండల్లో పన్నెండు గంటలు బయట ఉంచిన చద్దన్నాన్ని నేనైతే గర్భిణికి పెట్టను.

కాన్పయ్యాక పెరుగు ఇంకా దూరమవుతుంది. బాలింత పథ్యంలో వెల్లుల్లి కారం, నెయ్యి ఉంటాయి, మజ్జిగకి నెలల తరబడి చోటుండదు. సరిగ్గా పాలిచ్చే రోజుల్లో కాల్షియం ఇలా తగ్గిపోతుంది. పథ్యం మొత్తం మీద యుద్ధం ప్రకటించక్కర్లేదు, అందులో పనికొచ్చేవి చాలా ఉన్నాయి. పెరుగుని మాత్రం ఎంత త్వరగా వెనక్కి తెస్తే అంత మేలు.

పుట్టిన బిడ్డ విషయంలో ఒక హెచ్చరిక. మన పక్కనే ఉన్న ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే బ్యాక్టీరియాని దాని మేతతో కలిపి వారం రోజులు ఇస్తే, తొలి రెండు నెలల్లో సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్) లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. గొప్ప ఫలితం, నిజంగానే. కానీ వాళ్ళిచ్చింది ఎంచి తయారు చేసిన ఒక రకం, లెక్క కట్టిన మోతాదు. తల్లిపాలు తాగే బిడ్డలకే ఇచ్చారు. ఇది విని పసిబిడ్డ నోట్లో పెరుగు నాకించకూడదు. ఆరు నెలలదాకా తల్లిపాలే.

ఆ ఆరో నెల అమ్మాయి దగ్గర ఇంకో సంగతి తెలిసింది. రక్తం మాత్రలు రోజూ వేసుకుంటున్నావా అంటే, వేసుకుంటున్నానంది. ఎప్పుడు అంటే, "మధ్యాహ్నం, ఆఖరి పెరుగు ముద్దలో పెట్టుకుని మింగెత్తాను. తుప్పు వాసనొస్తాది కదా మేడమ్, పెరుగులో తెలీదు" అంది. మూడు నెలలుగా అలాగే. పెరుగులోని కాల్షియం ఇనుముని సరిగా పట్టనివ్వదని, రెండిటికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మాత్ర ఇచ్చినవాళ్ళు "రోజూ వేసుకో" అన్నారు, అంతవరకే. క్యాల్షియం మాత్రకి కూడా అదే తేడా పాటించాలి. టీ కూడా ఐరన్ మాత్రకి దూరంగానే ఉండాలి.

మధ్యాహ్నం పెరుగు అలాగే ఉంచి, మాత్రని రాత్రికి మార్చాం, అన్నం తిన్న రెండు గంటలకి, నిమ్మకాయ పిండిన నీళ్ళతో. రాత్రి అన్నంలో మజ్జిగ వద్దన్నాను. "మరి వాసనొస్తే?" అంది. నిమ్మచెక్క ముందు వాసన చూసి తర్వాత మింగమన్నాను. మర్నెల 9న కనబడినప్పుడు దూరం నుంచే చేత్తో నిమ్మకాయ పిండుతున్నట్టు చూపించింది.